బడి గేటు దాటాక పిల్లల దగ్గర ఫోన్ ఉండాలా? (6 నుంచి 10 తరగతుల తల్లిదండ్రులు, టీచర్లు చెప్పండి)

నిజాంపేట_అమ్మ
సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి. మా ఇంటికి దగ్గర్లోనే ఒక ప్రైవేటు స్కూల్, పేరు చెప్పను. పోయిన బుధవారం లంచ్‌కి వెళ్తూ మెట్ల మీద కాలు జారి పడింది. దెబ్బ పెద్దదేం కాదు, మోకాలు గీరుకుపోయింది. లేవబోయి మళ్ళీ జారింది. టిఫిన్ డబ్బా మూత ఊడి పెరుగన్నం స్కర్ట్ నిండా పడింది. పక్కనున్న పిల్లల్లో ఒకరు ఇదంతా వీడియో తీశారు. మొత్తం పదకొండు సెకన్లు. సాయంత్రానికల్లా దానికి ఒక పాట జోడించి ఇన్‌స్టా గ్రూపుల్లో తిప్పారు.

పాప నాకు చెప్పలేదు. వాళ్ళ ఫ్రెండ్ వాళ్ళమ్మ పంపితే తెలిసింది. ఆ స్కర్ట్ తనే ఉతుక్కుని, బాల్కనీలో కాకుండా బాత్రూమ్ తలుపు వెనక ఆరేసుకుంది. నేను చూసేసరికి మరక అలాగే ఉంది. ఆ మరక చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆ మర్నాటి నుంచి బడికి వెళ్ళనంటోంది. స్కూల్ వాళ్ళని అడిగితే "ఫోన్ తేకూడదని డైరీలో రాసే ఉంది కదా మేడమ్" అన్నారు. డైరీలో రూలూ ఉంది, బ్యాగుల్లో ఫోన్లూ ఉన్నాయి. వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగ్. గేటు దగ్గర నుంచి చివరి బెల్ దాకా ఏ పిల్లల దగ్గరా ఫోన్ లేకుండా చూడమని అడగబోతున్నాను. ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చెడింది, మీకు తెలిసింది చెప్పండి. ఉత్త చేతులతో వెళ్ళి అరవడం నాకిష్టం లేదు.

మోడరేటర్
సోమవారం రాత్రి 9:58

ఆ వీడియో ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి ఇక్కడ పెట్టకండి, లింకు అడగకండి. అమ్మగారూ, ఇన్‌స్టాలో ఆ పోస్టు మీద రిపోర్ట్ కొట్టించండి. దాన్ని ఇంకా తిప్పుతుంటే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930 ఉంది. పిల్లల సహాయానికి 1098 ఉంది. పాప మనసు బాగా కుంగినట్టు అనిపిస్తే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

ఉప్పల్_నాన్న
సోమవారం రాత్రి 10:15

చదివి బాధేసిందండీ. మీ కోపం న్యాయమే. కానీ నేను నా కొడుక్కి ఫోన్ ఇచ్చే పంపిస్తున్నాను, ఎందుకో చెప్తాను.

మా వాడు ఏడో తరగతి, స్కూల్ వ్యాన్‌లో వస్తాడు. పోయిన వానాకాలం ఒకరోజు నాలుగున్నరకి రావాల్సిన వ్యాన్ ఏడైనా రాలేదు. రోడ్లన్నీ నీళ్ళు. ఆఫీస్ నంబర్‌కి నేను పద్నాలుగు సార్లు చేశాను. ఎత్తినవాళ్ళు లేరు. డ్రైవర్ ఫోన్ స్విచాఫ్. మా ఆవిడ వీధి చివర గొడుగేసుకుని నిలబడి ఏడుస్తోంది. ఏడుంబావుకి వచ్చాడు, వాడికేం కాలేదు. మర్నాడే వెళ్ళి ఫోన్ కొన్నాను. ఇప్పుడు స్కూల్ వాళ్ళు వచ్చి ఫోన్ వద్దంటే నేను అడిగేది ఒక్కటే: మీ ఆఫీస్‌లో ఫోన్ ఎత్తుతారా?

సర్కారు_లెక్కల_టీచర్
సోమవారం రాత్రి 10:47

ఉప్పల్ నాన్నగారి ప్రశ్నకి స్కూళ్ళు ముందు జవాబు చెప్పాలి. నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్‌ని, పందొమ్మిదేళ్ళయింది.

మా బడి సంగతి కొంచెం వేరు. మా పిల్లల ఇళ్ళలో చాలావరకు ఒకటే ఫోన్, అది పొద్దున్నే నాన్నతో ఆటోలోనో డెలివరీ బండి మీదో వెళ్ళిపోతుంది. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలైనప్పుడు, ఫోన్ లేక, టీవీ లేక పక్కింటి కిటికీ దగ్గర నిలబడి విన్న పిల్లలు నాకు తెలుసు. అప్పుడు "ఎలాగైనా ఒక ఫోన్ చూసుకోండి" అని తల్లిదండ్రులను బతిమాలింది మేమే. ఇప్పుడు అదే ఫోన్ వద్దని చెప్పాల్సింది కూడా మేమే. అది గుర్తుపెట్టుకుని మాట్లాడితే తల్లిదండ్రులు వింటారు.

ఇంకో మాట. అసర్ 2024 సర్వేలో, అది పల్లెల్లో చేసే సర్వే, 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో అంతకుముందు వారంలో చదువు పనికి స్మార్ట్‌ఫోన్ వాడామన్నవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకి వాడామన్నవాళ్ళు 76 శాతం. పల్లెల్లోనే అలా ఉంటే హైదరాబాద్‌లో వేరే చెప్పాలా.

క్లాసులో నాకు కనపడేది చెప్తాను. బీజగణితంలో ఒక లెక్క బోర్డు మీద సగం దాకా వచ్చి ఉంటుంది. ఎవరి బ్యాగులోనో ఒక్కసారి "జ్" మంటుంది. శబ్దం పెద్దగా రాదు, బల్ల చెక్క వణుకుతుంది. ఆ ఒక్కడే కాదు, చుట్టూ ఉన్న ఎనిమిది మంది కళ్ళు బోర్డు మీంచి జారిపోతాయి. ఎవరిది, ఎవరు పంపారు, ఏం పంపారు. వాళ్ళని మళ్ళీ ఆ లెక్క మధ్యకి తీసుకురావడానికి నేను మొదటి మెట్టు నుంచి చెప్పాల్సొస్తుంది. ఒక పీరియడ్‌లో ఇలా మూడుసార్లయితే ఆ రోజుకి పాఠం అయిపోయినట్టే.

లెక్కలు_చూద్దాం
మంగళవారం ఉదయం 7:05

టీచర్‌గారు చెప్పిన "చుట్టూ ఉన్న ఎనిమిది మంది" అన్నది పీసా 2022లో, అంటే పదిహేనేళ్ళ పిల్లలకి చాలా దేశాల్లో పెట్టే పరీక్షలో, కూడా కనపడుతుంది. ఓఈసీడీ అనే, ఎక్కువగా సంపన్న దేశాలుండే కూటమిలో సగటున 59 శాతం పిల్లలు, పక్కవాళ్ళు ఫోనో ట్యాబో వాడటం వల్ల కనీసం కొన్ని లెక్కల క్లాసుల్లో తమ ధ్యాస చెదురుతోందని చెప్పారు. అంటే ఫోన్ లేని పిల్లలకీ నష్టమే.

కానీ అమ్మగారూ, మీటింగులో "ఫోన్ తీసేస్తే మార్కులు పెరుగుతాయి" అని మాత్రం గట్టిగా అనకండి. ఇంగ్లండ్‌లో నాలుగు నగరాల్లో 91 స్కూళ్ళ మీద 2015లో వచ్చిన అధ్యయనంలో మార్కులు పెరిగాయి, అదీ ఎక్కువగా వెనకబడ్డ పిల్లలకే. బాగా చదివేవాళ్ళకి తేడా లేదు. అదే పద్ధతిలో స్వీడన్‌లో చూస్తే ఎవరికీ తేడా కనపడలేదు. 2025లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్ళు 30 స్కూళ్ళలో 1,227 మంది పిల్లలను చూశారు. బడిలో ఫోన్ ఆపినంత మాత్రాన పిల్లల మానసిక ఆరోగ్యం మెరుగుపడలేదు, రోజు మొత్తం మీద ఫోన్ చూసే సమయం కూడా తగ్గలేదు, ఇంటికెళ్ళి చూసుకుంటున్నారు. నార్వేలో మాత్రం ఫోన్లు ఆపిన స్కూళ్ళలో ఏడిపించడం తగ్గింది, ఆడపిల్లలు మానసిక ఇబ్బందులతో డాక్టర్ల దగ్గరకి వెళ్ళడం తగ్గింది. మీ పాపకి జరిగినదానికి దగ్గరగా ఉన్నది ఈ నార్వే సంగతే. అది పట్టుకోండి.

గచ్చిబౌలి_టెకీ
మంగళవారం ఉదయం 8:20

నాకు ఇది నచ్చట్లేదు. రేపు వీళ్ళు బతకాల్సింది ఫోన్లతోనే. దాచేస్తే నేర్చుకుంటారా? ఎలా వాడాలో నేర్పాలి కానీ.

సర్కారు_లెక్కల_టీచర్
మంగళవారం ఉదయం 8:31

నేర్పుదాం సార్. కంప్యూటర్ ల్యాబ్‌లో, పీరియడ్ పెట్టి, టీచర్ పక్కన ఉండి నేర్పుదాం. మెట్ల మీద పడిపోయిన పిల్లని వీడియో తీసినవాడు ఆ పూట ఏం నేర్చుకున్నాడు?

పదో_తరగతి
మంగళవారం రాత్రి 8:50

నమస్తే. ఇక్కడ అందరూ పెద్దవాళ్ళే మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. నేను ఈసీఐఎల్ వైపు నుంచి బస్సులో వస్తాను. పొద్దున 7:20కి ఎక్కితే ఇంటికొచ్చేసరికి రాత్రి 8. బడి అయ్యాక అటునుంచి అటే ట్యూషన్. అందుకే ఇంట్లో ఫోన్ ఇచ్చారు.

క్లాసులో వాడతామా అంటే వాడతాం, అబద్ధం చెప్పను. చివరి బెంచీలో కాదు, మూడో బెంచీలో. చివరి బెంచీ మీద సార్ల కన్ను ఎప్పుడూ ఉంటుంది. బయాలజీ రికార్డు నిలబెట్టి దాని వెనక పెట్టుకుంటాం. చేసేది కూడా పెద్దగా ఏం ఉండదు. స్నాప్‌చాట్‌లో స్ట్రీక్ అని ఉంటుంది. ఇద్దరూ 24 గంటల్లోపు ఒకరికొకరు ఏదో ఒకటి పంపుకోకపోతే ఆ లెక్క పోతుంది. ఒక ఫ్రెండ్‌తో నాది 412 రోజులు. బెంచీ ఫొటో, బూట్ల ఫొటో, సీలింగ్ ఫ్యాన్ ఫొటో పంపుకుంటాం. ఫోన్‌లో మాట్లాడుకునేది అంతే, కానీ అది పోతే ఏదో పోయినట్టు ఉంటుంది.

అందరి ఫోన్లూ తీసుకుంటే నాకు ఓకే. నిజంగా ఓకే. నా ఒక్కడిదే తీసుకుంటే మాత్రం ఒప్పుకోను. నేను లేనప్పుడు గ్రూపులో నా గురించి ఏమనుకున్నారో అని అదే టెన్షన్ ఉంటుంది, పాఠం అసలు ఎక్కదు. మా స్కూల్లో ఇప్పుడు అదే చేస్తున్నారు, దొరికినవాడిది తీసుకుంటారు, మిగతావాళ్ళవి వదిలేస్తారు.

ఆంటీ, మా క్లాసులో కూడా పోయినేడు ఒకబ్బాయి వీడియో ఇలాగే తిరిగింది. వాడు ప్యాంట్ చినిగి నడుస్తున్న వీడియో. అప్పుడు నేను కూడా చూసి నవ్వాను. మీ పోస్టు చదివాక వాడికి మెసేజ్ పెట్టాను. మీ పాపకి నా తరఫున సారీ చెప్పండి.

నిజాంపేట_అమ్మ
మంగళవారం రాత్రి 9:10

నాన్నా, నీ మాటలు పాపకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు కానీ మొత్తం విన్నది. చల్లగా ఉండు.

షుగర్_పాప_అమ్మ
మంగళవారం రాత్రి 10:02

దయచేసి ఒక్క విషయం మర్చిపోకండి. మా అమ్మాయికి టైప్ 1 షుగర్, పదకొండేళ్ళు. చేతికి సెన్సర్ ఉంటుంది, రీడింగ్ ఫోన్‌కి వస్తుంది. 70 కంటే తగ్గితే అది మోగుతుంది, అప్పుడు వెంటనే గ్లూకోజ్ వేసుకోవాలి. కళ్ళు తిరిగేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. కొత్త రూల్ పెట్టినప్పుడల్లా మాలాంటివాళ్ళం ఆఫీసుల చుట్టూ తిరిగి డాక్టర్ చీటీ చూపించి వేడుకోవాల్సి వస్తోంది. రూల్ రాసేటప్పుడే ఆ వాక్యం కూడా రాయించండి. ఫ్రాన్స్‌లో 2018లో చట్టం చేసినప్పుడే, ఆరోగ్య కారణాలున్న పిల్లలను, వైకల్యం ఉన్న పిల్లలను అందులోనే మినహాయించారు. పరాయి దేశంలో ముందే గుర్తొచ్చింది మనకెందుకు రాకూడదు?

నిజాంపేట_అమ్మ
మంగళవారం రాత్రి 10:09

రాసుకున్నానక్కా. మొదటి పాయింట్‌గానే చెప్తాను.

ప్లీడర్_మలక్‌పేట
బుధవారం ఉదయం 6:55

కోర్టు సంగతి కొంచెం. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు, బడిలో స్మార్ట్‌ఫోన్ పూర్తిగా నిషేధించడం సరికాదు, ఆచరణలో కుదరదు అంటూనే, వాడకం మీద హద్దులు పెట్టాలని, వీలున్నచోట బడికి రాగానే ఫోన్లు అప్పగించి వెళ్ళేటప్పుడు తీసుకునే ఏర్పాటు ఉండాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 2023 ఆగస్టులోనే యునెస్కో నివేదికను చూపి బడుల్లోకి పిల్లలు ఫోన్లు తేకూడదంది, టీచర్లు కూడా క్లాసులోకి తీసుకెళ్ళకూడదంది. కాబట్టి మీరు అడిగేది కొత్తదీ కాదు, అతిగానూ లేదు. "నిషేధం" అనే మాట బదులు "అప్పగింత" అనండి, మేనేజ్‌మెంట్ బెదరదు.

మెల్‌బోర్న్_తెలుగు
బుధవారం ఉదయం 9:30

నేను పుట్టిపెరిగింది దిల్‌సుఖ్‌నగర్, పన్నెండేళ్ళుగా మెల్‌బోర్న్. ఇక్కడ విక్టోరియా రాష్ట్రంలో ప్రభుత్వ బడులన్నిటిలో 2020 నుంచి ఇదే పద్ధతి. మొదటి బెల్ నుంచి చివరి బెల్ దాకా ఫోన్ ఆఫ్ చేసి లాకర్‌లో ఉండాలి. ఇంటర్వెల్‌లో కూడా తీయకూడదు. మా వాడు మొదటి నెల గొణిగాడు, తర్వాత ఆ ఊసే లేదు. నేను ఏదైనా చెప్పాలంటే ఆఫీసుకి చేస్తాను, వాళ్ళు చీటీ రాసి క్లాసుకి పంపుతారు. ఆ చీటీ ఇంటికొచ్చాక వాడి జేబులో దొరుకుతుంది. అంత మామూలైపోయింది.

చిన్న_స్కూల్_కరస్పాండెంట్
బుధవారం రాత్రి 11:20

సైదాబాద్ వైపు మాది చిన్న స్కూల్, పది దాకా ఉంది, 380 మంది పిల్లలు. రెండేళ్ళుగా ఫోన్లు అప్పగించుకుంటున్నాం. ఎలా చెడిందో ముందు చెప్తాను.

మొదటి ఏడాది ప్లాస్టిక్ ట్రేలో పోయించాం. ఒకదాని మీద ఒకటి పడి వారంలో రెండు స్క్రీన్లు పగిలాయి. డబ్బు మేమే కట్టాం. సాయంత్రం బెల్ కొట్టగానే నలభై మంది ఒకే ట్రే మీద పడేవాళ్ళు, తోపులాట. నెల తిరక్కుండా ఆపేశాం. పిల్లలు గెలిచామనుకున్నారు, అది ఇంకా చెడ్డది.

తర్వాత వేసవి సెలవుల్లో వడ్రంగిని పిలిచి క్లాసుకొకటి చొప్పున ప్లైవుడ్ ర్యాక్ చేయించాను. 45 అరలు, ఒక్కో అరకి రోల్ నంబరు, లోపల మెత్తటి గుడ్డ. తలుపుకి తాళం. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇస్తారే, అలాంటి టోకెన్ చేయించాం. ఫోన్ పెట్టి టోకెన్ తీసుకోవాలి. ప్రేయర్ అయ్యాక క్లాస్ లీడర్లు ఇద్దరు దగ్గరుండి పెట్టిస్తారు, నాలుగు నిమిషాల పని. సాయంత్రం వరసకి ఐదుగురు చొప్పున.

మొదటి రోజుల్లోనే ఎత్తులు మొదలయ్యాయి. ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్ ర్యాక్‌లో పెట్టి అసలుది సాక్స్‌లో దాచేవాళ్ళు. మా సార్లు బ్యాగులు వెతుకుదామన్నారు. నేను ఒప్పుకోలేదు. పిల్లల బ్యాగులో చెయ్యి పెడితే, అందులో ఆడపిల్లల బ్యాగులు, ఆ బడి మీద వాళ్ళకి గౌరవం పోతుంది. దొరికితే తల్లో తండ్రో వచ్చి తీసుకెళ్ళాలి, అంతే. ఫైన్ లేదు, అందరి ముందు నిలబెట్టి తిట్టడం లేదు. పని మానుకుని ఒకసారి బడికొచ్చిన తండ్రి రెండోసారి రానివ్వడు.

అసలు మారాల్సింది మేమే అని మూడో వారంలో అర్థమైంది. హోంవర్క్ అంతా మేం వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. రాత్రి తొమ్మిదికి "రేపు చార్ట్ తేవాలి" అని మెసేజ్. అలాంటప్పుడు పిల్లలకి ఫోన్ అవసరం లేదని ఏ మొహంతో చెప్తాం? మళ్ళీ బోర్డు మీద రాయడం, డైరీలో ఎక్కించుకోవడం మొదలుపెట్టాం. టీచర్లు కూడా క్లాసుకి వెళ్ళేముందు ఫోన్ స్టాఫ్‌రూమ్‌లో పెట్టాలన్నాను. ఇద్దరు అలిగారు, తర్వాత సర్దుకున్నారు.

ఉప్పల్ నాన్నగారూ, మీ ప్రశ్నకి: ఆఫీస్ ఫోన్ దగ్గర ఒకావిడని కూర్చోబెట్టాం. లంచ్‌లో కూడా ఖాళీ ఉండకూడదు, ఆవిడ భోంచేసేటప్పుడు నేను కూర్చుంటాను. ప్రతి వ్యాన్‌లో ఆయమ్మ దగ్గర ఒక బటన్ ఫోన్ ఉంది, ఆ నంబర్ తల్లిదండ్రులందరి దగ్గరా ఉంటుంది. వ్యాన్ పావుగంట లేటైతే మేమే మెసేజ్ పంపుతాం.

పిల్లలు ఎలా ఉన్నారంటే, మొదటి రెండు వారాలు లంచ్‌లో గొడవలు పెరిగాయి. ఏం చేయాలో వాళ్ళకి తోచలేదు, ఒకరినొకరు తోసుకునేవాళ్ళు. పీఈటీ సార్ క్యారమ్ బోర్డులు దింపారు. తర్వాత ఒకరోజు వరండాలో చూస్తే ఏడో తరగతి ఆడపిల్లలు చాక్‌పీసుతో అష్టాచెమ్మా గడులు గీసి, ఇంటి నుంచి తెచ్చిన చింతగింజలతో ఆడుతున్నారు. చింతగింజని గచ్చు మీద అరగదీసి ఒకవైపు తెల్లగా చేయడం వాళ్ళ నాయనమ్మ నేర్పిందట. ఇప్పుడు ఇంటర్వెల్‌లో చెవులు చిల్లులు పడేంత గోల. ఆ గోల వింటే నాకు ప్రాణం లేచొస్తుంది.

మార్కులు పెరిగాయా అంటే, చెప్పుకోదగ్గ తేడా నాకు కనపడలేదు. వీడియో గొడవలు మాత్రం మొదటి ఏడాది ఐదు, ఆ తర్వాత ఒకటి. ఆ ఒక్కటి కూడా బడి బయట తీసిందే.

ఉప్పల్_నాన్న
బుధవారం రాత్రి 11:41

సార్, వ్యాన్‌లో ఆయమ్మ దగ్గర ఫోన్ ఉంటే నేను రేపే మా వాడి ఫోన్ ఇంట్లో పెట్టిస్తాను. ఇన్నాళ్ళూ నేను అడుగుతున్నది అదే.

సర్కారు_లెక్కల_టీచర్
గురువారం ఉదయం 7:40

కరస్పాండెంట్ గారూ, మాకు ఒక చిక్కుంది. మా హాజరు కూడా యాప్‌లోనే, ముఖం చూపించి వేయాలి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే దాన్ని తెరవాలన్నా మా ఫోనే. అందుకే ఆ పనులు అయ్యాక ఫోన్ హెచ్.ఎం. గది బీరువాలో పెట్టేద్దామని మా స్టాఫ్ మీటింగులో అడిగాను. ఏడుగురు సరేనన్నారు, నలుగురు కాదన్నారు. నేను, ఆ ఏడుగురం నిన్నటి నుంచి పెడుతున్నాం. క్లాసులోకి ఉత్త చాక్‌పీసుతో వెళ్తున్నాను.

నిజాంపేట_అమ్మ
శనివారం సాయంత్రం 6:30

మీటింగ్ అయింది. రెండున్నర గంటలు పట్టింది. మీరందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని వెళ్ళాను. ముందు ఆరోగ్యం వల్ల ఫోన్ ఉండాల్సిన పిల్లల సంగతి చెప్పాను, తర్వాత ఆఫీస్ ఫోన్, వ్యాన్ ఫోన్, వాట్సాప్ హోంవర్క్. ఫోన్లు తీసుకోండి అన్నది చివరికి చెప్పాను. ముందే అది అనుంటే సగం మంది లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక నెల చేసి చూస్తామన్నారు. తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులు ట్యూషన్ల గురించి చాలా గట్టిగా మాట్లాడారు. వాళ్ళతో మళ్ళీ కూర్చుంటామన్నారు. వాట్సాప్ హోంవర్క్ మానడానికి మాత్రం ప్రిన్సిపల్ మేడమ్ ఇంకా ఒప్పుకోలేదు, టీచర్లతో మాట్లాడి చెప్తానన్నారు. అది నేను వదలను.

వీడియో తీసిన బాబు వాళ్ళమ్మ మీటింగ్ అయ్యాక నా దగ్గరకొచ్చారు. ఇద్దరం గేటు పక్కన కాసేపు నిలబడ్డాం. ఆవిడ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. వాడు పోస్టు తీసేశాడట, గ్రూపుల్లో ఉన్నవి ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో వాడికీ తెలియదు.

పాప సోమవారం వెళ్తానంది. డబ్బాలో పెరుగన్నం వద్దు, చపాతీ పెట్టమంది.

కరస్పాండెంట్ గారూ, ర్యాక్ కొలతలు ఇస్తారా? స్కూల్ వాళ్ళు అడిగారు. మొదటి దానికి మేం పదిమంది తల్లిదండ్రులం కలిసి డబ్బు పెడదామనుకుంటున్నాం.

చిన్న_స్కూల్_కరస్పాండెంట్
శనివారం రాత్రి 8:05

చాలా సంతోషం తల్లీ. ఒక్కో అర నాలుగంగుళాల వెడల్పు, ఏడంగుళాల లోతు చేయించండి, కవర్‌తో సహా పడుతుంది. తాళానికి రెండు చెవులు, ఒకటి క్లాస్ టీచర్ దగ్గర, ఒకటి ఆఫీసులో. వెనక చెక్కకి గాలి ఆడేలా రంధ్రాలు పెట్టించండి, ఫోన్లు వేడెక్కవు. మాకు ఒక్కోటి నాలుగున్నర వేలు పడింది. కాగితం మీద చూస్తే వడ్రంగికి అర్థం కాదు, అతన్ని వెంటబెట్టుకుని ఏ రోజైనా ప్రేయర్ టైమ్‌కి మా బడికి రండి. పిల్లలు ఫోన్లు ఎలా పెడుతున్నారో కూడా చూసుకోవచ్చు. ఫోన్ నంబర్ మీకు విడిగా మెసేజ్ పెడుతున్నాను, ఆఫీస్‌దే. ఎత్తుతాం.